ఇరవయ్యో రౌండు

రా అమ్మడూ, లోపలికి రా. ఆ కుర్చీ వద్దు, దానికి మూడు కాళ్ళే పనిచేస్తాయి, నాలుగోది అలంకారానికి. ఇలా మంచం మీద కూర్చో. మీ పెద్దమ్మ టీ పెడుతోంది. ఏంటా కాగితాల కట్ట? ఆఁ, పుస్తకమా. మీ తాత ఫోన్లో చెప్పాడులే. "అన్నయ్యా, మన పిల్లకి ఆఫీసులో పెద్ద పని అప్పజెప్పారు, చైర్మన్ గారి జీవిత చరిత్ర రాస్తోంది, కాస్త సాయం చెయ్యి, కానీ నీ నోటికి తాళం వేసుకుని చెయ్యి" అన్నాడు. నోటికి తాళం వేసుకుని ముచ్చట్లు ఎలా చెబుతారో మా తమ్ముడికే తెలియాలి. చిన్నప్పటి నుంచీ వాడి సలహాలన్నీ అలాంటివే. సరే, చదువు. నువ్వే చదువు, నా కళ్ళద్దాలు వెతకాలంటే ముందు కళ్ళద్దాలు ఉండాలి.

ఊఁ. ఊఁ. ఆగు. ఆ ముక్క మళ్ళీ చదువు. "ఉన్నత శ్రేణిలో పట్టభద్రులై." ఎవరూ, మన చువ్వా? కాలేజీలో ఆయన్ని చువ్వ అనేవాళ్ళం అమ్మడూ, అంత సన్నగా, అంత పొడుగ్గా ఉండేవాడు, వంగమంటే వంగేవాడు కాదు. తర్వాత తర్వాత వంగడం బాగా వచ్చిందిలే. ఏంటీ, చైర్మన్ గారు అనాలా? సరే, వాళ్ళ దగ్గర జీతం తీసుకునేది నువ్వు, నేను కాదు. మూడేళ్ళ చదువు ఆయన ఐదేళ్ళు చదివాడు. వాణిజ్యశాస్త్రం. ఒకే పేపరు మూడుసార్లు తప్పాడు, మూడోసారి తప్పినప్పుడు ఆ పేపరు పెట్టే మేష్టారే బదిలీ మీద వెళ్ళిపోయాడు, అవమానం భరించలేక. మా హాస్టల్లో నా పక్క గది. సాయంత్రం పుస్తకం తెరిచి ముఖం మీద పెట్టుకుని పడుకునేవాడు. ఎందుకురా అలా అంటే, దీపం వెలుతురు కళ్ళలో పడుతోందిరా అనేవాడు. అదీ ఆయన విద్యాభ్యాసం. రాసుకుంటున్నావా? రాసుకో, రాసుకో, కొట్టేసేవాళ్ళు పైన చాలామందే ఉంటారు.

తర్వాతది చదువు. "హాకీ, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ జట్లలో కీలక సభ్యులు." ఫోటోలు దొరికాయా? దొరుకుతాయి ఎందుకు దొరకవు. అసలు సంగతి చెప్తా విను. ఏటా కాలేజీ మెట్ల మీద జట్ల ఫోటోలు తీసేవాళ్ళు. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కింద తల పెట్టాడో లేదో, మనవాడు ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి వెనక వరసలో నిలబడేవాడు. పొడుగుమనిషి కదా, వెనకే ఉండాలి, ఎవరికీ అనుమానం రాదు. హాకీ జట్టు ఫోటోలో చేతిలో ఏముందో చూశావా? హాకీ కర్ర కాదది, గొడుగు. నిజం, వెళ్ళి భూతద్దం పెట్టి చూడు. చర్చావేదిక ఫోటోలో ఉన్నాడు, నాటక సమాజం ఫోటోలో ఉన్నాడు, ఆఖరికి పదవీ విరమణ చేస్తున్న గుమాస్తాకి వీడ్కోలు ఫోటో తీస్తే అందులోనూ ఉన్నాడు. ఆయన నిజంగా పరిగెత్తిన పరుగంటే అదే, కెమెరా దగ్గరికి.

ఏం చెప్తున్నానూ. ఆఁ, నవ్వుతున్నావు, నవ్వు. కానీ ఆయనలో ఒక గుణం ఉండేది, అది కాదనను. మనిషిని ఒకసారి చూస్తే వాళ్ళ నాన్న పేరు, అన్నదమ్ములెందరు, చెల్లెలి పెళ్ళయిందా, అన్నీ గుర్తు పెట్టుకునేవాడు. చదువు ఎక్కని బుర్రలో ఊరంతా ఎక్కి కూర్చుంది. మా ఈలమాస్టారు, అంటే ఆటల మేష్టారు, మెడలో ఈల తీయగా ఎవరూ చూడలేదు, ఆయనకి మోకాలి నొప్పి అని తెలిసి ఇంటికెళ్ళి నూనె సీసా ఇచ్చి వచ్చాడు చువ్వ. అలా చేరాడు పరుగు పందెంలోకి. నూనె రాసుకుని.

ఇప్పుడు చదువు అసలుది. "ఐదువేల మీటర్ల పరుగులో..." ఊఁ. "కాళ్ళకి చెప్పులైనా లేని నిరుపేద విద్యార్థి, ఉదయం ఇంటింటికీ వార్తాపత్రికలు వేసి, ఆ కాళ్ళతోనే మైదానంలోకి దిగి, తోటివారికంటే ఒక రౌండు ముందుగా..."

నీళ్ళిలా ఇవ్వు.

ఏమీ కాలేదు. వినాలని ఉందా నీకు? వింటే మళ్ళీ వినలేదనడానికి వీల్లేదు మరి. సరే. చెప్పులు లేనివాడు వేరే అతను. పేపర్లు వేసినవాడు వేరే అతను. మా క్లాసులోనే ఉండేవాడు, ఆఖరి బెంచీలో, ఉలికేవాడు కాదు పలికేవాడు కాదు. సైకిలు లేదు అతనికి, చంకలో కట్ట పెట్టుకుని పరిగెత్తి పేపర్లు వేసేవాడు రోజూ, క్లాసుకి వచ్చేటప్పటికి వేళ్ళకి ఇంకా సిరా అంటుకునే ఉండేది. పేపర్లవాడు అనేవాళ్ళం. మీ చైర్మన్ కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు, వాళ్ళ మేనమామ తెచ్చి ఇచ్చినవి. ప్రతి శనివారం సుద్దముక్క రుద్ది తెల్లగా చేసుకునేవాడు. పేదరికమా? ఆ ఇంట్లో పిల్లికి కూడా వేరే గిన్నె ఉండేది.

ఆ ఏడాది ఆటల పోటీలకి ముఖ్య అతిథి నూలు మిల్లు యజమాని. మనిషి కొంచెం విచిత్రం, తనూ వయసులో ఉండగా పరుగు వీరుణ్ణేనని చెప్పుకునేవాడు, అందుకని ముందే ప్రకటించాడు: ఐదువేల మీటర్లు ఎవరు గెలిస్తే వాళ్ళు సోమవారం నా ఆఫీసుకి రావచ్చు, ఉద్యోగం సిద్ధం అని. ఉద్యోగం అంటే అప్పుడు ఏంటనుకున్నావు. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఏళ్ళ తరబడి అరుగుల మీద కూర్చునే రోజులు. పేపర్లవాడు ఆ మాట విని నెల రోజులు పేపర్లు వేశాక కూడా మైదానం చుట్టూ తిరిగాడు. వాళ్ళ నాన్న మంచాన పడ్డాడు, కింద ఇద్దరు చెల్లెళ్ళు. ఎవరినడిగినా గెలిచేది అతనేనని చెప్పేవాళ్ళు, ఈలమాస్టారుతో సహా. నూనె నూనే, పరుగు పరుగే కదా.

మా మైదానం చిన్నది. చుట్టూ తిరిగితే రెండొందల యాభై మీటర్లు, అంతే. అంటే ఐదువేలకి ఎన్ని రౌండ్లు? చెప్పు, చెప్పు, నువ్వు కూడా వాణిజ్యమే కదా. ఇరవై. పదకొండుమంది పరుగెత్తేవాళ్ళు, ఒకడిని ఒకడు దాటడం, దుమ్ము, ఎవడు ముందో ఎవడు వెనకో చూసేవాళ్ళకి తెలిసి చావదు. అందుకని ఒక్కొక్కడికీ ఒక్కో లెక్కగాణ్ణి పెట్టేవాళ్ళు. చేతిలో పలక, బలపం. మనవాడు గీత దాటి వెళ్ళినప్పుడల్లా పలక మీద ఒక గీత. నాలుగు నిలువు, ఐదోది అడ్డం, అది ఒక కట్ట. నాలుగు కట్టలైతే పందెం అయినట్టు. పంతొమ్మిదో గీత పడగానే చెయ్యెత్తాలి, ఈలమాస్టారు గంట కొడతాడు, ఇంక ఒక్క రౌండే అని అర్థం. క్లాసులో లెక్కల్లో ఫస్టు ఎవరూ? మీ పెద్ద తాతే. అందుకని చువ్వకి లెక్కగాణ్ణి నేను.

ఆఁ, అదీ సంగతి. సాక్షి కాదు అమ్మడూ, మీ పుస్తకంలో సాక్షి అని రాశారు చూడు, సాక్షి అంటే పక్కన నిలబడి చూసేవాడు. నేను పలక పట్టుకున్నవాణ్ణి.

పన్నెండో రౌండు నడుస్తోంది. పేపర్లవాడు ముందు, పది గజాల వెనక చువ్వ, మిగతావాళ్ళు ఎప్పుడో వెనకబడ్డారు. చువ్వ బాగానే పరిగెత్తాడు ఆ రోజు, అబద్ధమెందుకు. అప్పుడొచ్చింది ముఖ్య అతిథి గారి కారు. ఆలస్యంగా రావడమే కదా ముఖ్యత్వం. బ్యాండు మోగింది. ప్రిన్సిపాలు లేచాడు, మేష్టార్లు లేచారు, లెక్కగాళ్ళం మేమూ లేచాం. లేవకపోతే ఎలా, ప్రిన్సిపాలు తల తిప్పి ఎవరు లేవలేదో చూసే రకం. పలక పట్టుకుని నిలబడితే మర్యాద కాదని వెనక ఉన్న బంట్రోతు చేతికిచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపూ, పూలదండ వేసేంతసేపు. కూర్చుని పలక తీసుకుని చూస్తే చువ్వ వీపు మలుపు దగ్గర కనబడుతోంది. అయ్యో, ఒకటి తప్పిపోయానే అని గబుక్కున గీత గీశాను.

బంట్రోతు అప్పటికే గీసిపెట్టాడు.

పాపం పనిమంతుడు అమ్మడూ, చెప్పకపోయినా చేసేవాడు. ఇంకా నయం అతను ఎడమచేతివాటం. మా గీతలన్నీ ఇటు వాలితే అతని గీత అటు వాలుతుంది. ఇంకా నయం అన్నానా. ఏం నయం. చూశాను కదా మరి, అదే ఖర్మ. ఎప్పుడు చూశాననుకున్నావు? చెయ్యెత్తాక. పంతొమ్మిదో గీత గీసి, చెయ్యెత్తి, గంట కొడుతుండగా, కట్టలు సరిచూసుకుందామని తల వంచితే మూడో కట్టలో ఒక గీత అటు వాలి ఉంది. వెనక్కి తిరిగి అతన్ని అడిగాను. "నేనే బాబూ, మీరు నిలబడ్డప్పుడు ఆయన వెళ్ళాడు, పోతుందని గీశాను" అన్నాడు. నవ్వుతూ చెప్పాడు, మంచి పని చేశానని.

మైదానం చుట్టూ ఒక రౌండుకి నిమిషం పైనే పడుతుంది. గంట కొట్టడానికీ, చువ్వ మళ్ళీ నా ముందుకి రావడానికీ మధ్య నాకు ఆ నిమిషం ఉంది. లేచి ఈలమాస్టారూ, ఒకటి ఎక్కువ పడిందండీ అంటే అయిపోయేది. ఆయన తిట్టేవాడు. అంతే కదా. కానీ అప్పటికే మిల్లు యజమాని లేచి చప్పట్లు కొడుతున్నాడు, ఆ పొడుగబ్బాయి ఎవరూ, ఒక రౌండు ముందున్నాడే అంటున్నాడు, ప్రిన్సిపాలు చేతులు నులుముకుంటూ మా కాలేజీ ఆణిముత్యమండీ అంటున్నాడు. లెక్కల్లో ఫస్టు వచ్చినవాడు ఇరవై దాకా లెక్కపెట్టలేకపోయాడని నలుగురూ అనుకుంటారని నా భయం. బొటనవేలు ఆ గీత మీద పెట్టుకుని కూర్చున్నాను. దొంగకి తేలు కుట్టినట్టు.

తర్వాత జరిగింది చూడాలి నువ్వు. నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇద్దరు పిల్లలు రిబ్బను అడ్డంగా పట్టుకున్నారు. ముందొస్తున్నది ఎవరూ? పేపర్లవాడు. అతని లెక్క పంతొమ్మిదే, సరిగ్గా ఉంది. ఈలమాస్టారు "ఎత్తండి ఎత్తండి, వీడు కాదు" అని అరిస్తే రిబ్బను పైకెత్తారు, గేటు తీసినట్టు. అతను తల వంచి కింద నుంచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రిబ్బను దించారు. పది గజాల వెనక వచ్చిన చువ్వ రొమ్ము విరుచుకుని దాన్ని తెంపాడు. జనం ఈలలు, కేకలు. పేపర్లవాడు మాత్రం పరిగెడుతూనే ఉన్నాడు. చువ్వని భుజాల మీదకెత్తుకుని తిప్పుతుంటే ఆ గుంపుకి అడ్డం రాకుండా పక్క నుంచి పరిగెత్తాడు. "పందెం అయిపోయిందిరా బాబూ, ఇంటికి పో" అని ఒకడు. "పేపర్లు మిగిలిపోయాయేమోరా" అని ఒకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే తెలిసిపోతుందేమోనని. ఆ రోజు ఇరవై రౌండ్లూ అందరికంటే ముందు పూర్తిచేసినవాడు అతనొక్కడే అమ్మడూ, అతన్ని చూసి నవ్వాం.

చువ్వకి తెలుసా అంటావా? పరిగెత్తేవాడి కాళ్ళకి తెలియదూ? కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే వెళ్ళాను. నా వైపు చూడకుండా అడిగాడు, "ఎన్నిరా?" అని. "ఇరవై" అన్నాను. కాసేపు నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "ఇరవై" అన్నాడు వాడూ. కుళాయి కట్టేసి తుండుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ సంగతి మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు, చచ్చేదాకా రాలేదు. సాయంత్రం ఈలమాస్టారు ఇచ్చిన కాగితం మీద లెక్కగాడి సంతకం పెట్టాను. అదే కదా మీ ఆఫీసులో అద్దంలో బిగించి పెట్టారు.

సోమవారం మిల్లుకి వెళ్ళాడు. మిగతాదంతా మీ పుస్తకంలో ఉంది, గుమాస్తా, మేనేజరు, అల్లుడు, చైర్మను. అల్లుడు సంగతి రెండు వాక్యాల్లో తేల్చేశారేం? అదే కదా నిజంగా గెలిచిన పందెం. ఆఁ, "విశ్వవిద్యాలయానికి ప్రాతినిధ్యం వహించారు" అని కూడా ఉంటుందే? ఉందా? వహించాడు. ఆరు రౌండ్లు వహించి కడుపు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. అది పేపర్లవాడు వెళ్ళవలసిన పోటీ. అతను ఆ ఏడాదే కాలేజీ మానేశాడు.

ఆరు నెలలకి నాకు మిల్లు నుంచి ఉత్తరం. టైమాఫీసులో ఉద్యోగం. గేటు దగ్గర కూర్చుని ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్ళారు రాయడం. నువ్వు పుట్టకముందు సంగతి. లెక్క తప్పినవాడికి లెక్క రాసే ఉద్యోగం. ఐదు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కోత, ముప్పై ఆరేళ్ళు నా చేత్తోనే వేశాను. ఆడవాళ్ళు పిల్లకి జ్వరమండీ అని బతిమాలేవాళ్ళు. నియమం నియమమే అమ్మా అనేవాణ్ణి. నా తల వెనక గోడ మీద నిలువెత్తు అక్షరాలతో ఆయన సూక్తి: "అందరికంటే ఒక రౌండు ఎక్కువ". ఇప్పటికీ ఉందా? రంగు కూడా వేశారా? వేస్తారు.

ఏటా వార్షికోత్సవంలో ఆ కథ చెప్పేవాడు. మొదట్లో బుద్ధిగానే చెప్పాడు, అదృష్టం కలిసొచ్చింది అనేవాడు. గుడ్డు పెట్టాక కోడి ఊరుకుంటుందా. రెండేళ్ళకి జ్వరంతో పరిగెత్తానన్నాడు. ఇంకో ఐదేళ్ళకి బూట్లు పోయాయి, ఉత్తి కాళ్ళు వచ్చాయి. అరవయ్యో పుట్టినరోజుకి పేపర్ల కట్ట కూడా చంకలోకి వచ్చేసింది. పందెం ఒక్కటే తీసుకున్నాడనుకున్నాను, మనిషిని మొత్తం తీసేసుకున్నాడు, కాళ్ళతో సహా. కొత్తగా చేరిన పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. కథ చివర నా వైపు చెయ్యి చూపించి, ఇదిగో, ఆ రోజు లెక్క రాసిన మా మిత్రుడు ఇక్కడే ఉన్నాడు అనేవాడు. నేను లేచి నిలబడి దణ్ణం పెట్టేవాణ్ణి. లేచి నిలబడటం నాకు అలవాటే కదా.

పేపర్లవాడా? ఎక్కడికీ పోలేదు. పేపర్లే వేశాడు. ఈ వీధికి కూడా అతనే, ఈ ఇంటికి కూడా. ముప్పై ఏళ్ళు. నేను మిల్లు నుంచి రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా అతను వేస్తూనే ఉన్నాడు, డెబ్బై దాటినా చిన్నగా పరుగే, నడిచి వెయ్యడం చూడలేదు. గేటు దగ్గర కాగితం చప్పుడు వినబడితే నేను లేచేవాణ్ణి కాదు, అతను మలుపు తిరిగాక వెళ్ళి తీసుకునేవాణ్ణి. నా గురించి మా ఆవిడ ఏమనుకునేదో తెలుసా, పొద్దున్నే బద్ధకమని.

మీ చైర్మన్ పోయిన మర్నాడు మాత్రం దొరికిపోయాను. ఇరవై ఏళ్ళయిందా? అయ్యుంటుంది. గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, పేపరు చేతిలోనే పెట్టుకుని. మొదటి పేజీ నిండా ఆయన ఫోటో, కింద ఆ కథ, ఉత్తి కాళ్ళూ, పేపర్లూ, అన్నీ. ఇన్నేళ్ళకి అడుగుతాడు, అడగనీ, అడిగితే చెప్పేస్తాను అనుకున్నాను. ఒట్టు, అనుకున్నాను. అతనేమన్నాడో తెలుసా? "ఈయన కూడా పేపర్లు వేసేవాడటండీ. నాకు తెలీదు సుమా. నేను వెళ్ళని వీధుల్లో వేసేవాడేమో" అన్నాడు. నిజంగానే అన్నాడు అమ్మడూ, ఎగతాళి కాదు, ఆ మొహంలో ఎగతాళి పుట్టదు. నేనే ఉండబట్టలేక అడిగాను, ఆ రోజు అందరూ నవ్వుతున్నా ఎందుకు ఆగలేదయ్యా అని. "నాకింకా ఒక రౌండు ఉంది కదండీ" అన్నాడు. మళ్ళీ అతనే చెప్పాడు, "ఆయన నన్ను ఎప్పుడు దాటాడో నేను చూసుకోలేదు. దుమ్ములో ఎక్కడో దాటుంటాడు. ఒక రౌండు వెనకబడ్డవాడికి పోటీలెందుకని ఆ రోజే మానేశాను. అంత మనిషి చేతిలో ఓడిపోయానని మా పిల్లలకి చెబుతుంటాను." అని ఆ ఫోటో మీద చెయ్యి వేసి, "మామూలు మనిషి కాదండీ" అన్నాడు.

అతను పోయి కూడా నాలుగేళ్ళయింది. ఇంక ఆ మైదానంలో ఉన్నవాళ్ళలో మిగిలింది నేనే, అందుకే కదా నీకు ఈ తిప్పలు. సాక్షి సంతకం కోసం తెచ్చిన ఆ కాగితం లోపల పెట్టుకో. సంతకం పెట్టను. ఒకసారి పెట్టాను, చాలు. ఈ సంగతి రాస్తావో మానేస్తావో నీ ఇష్టం, ఉద్యోగం నీది, నేను నిన్ను అనను, అనే అర్హత కూడా లేదు. రాస్తే మాత్రం చువ్వ పేరు కంటే ముందు నా పేరు రాయి.

ఏంటీ? అతను అలా అన్నప్పుడు నేనేమన్నానా?

నేనూ... "అవును, మామూలు మనిషి కాదు" అన్నాను. పేపరు తీసుకుని లోపలికి వచ్చాను.

టీ చల్లారిపోయింది చూడు. మీ పెద్దమ్మని ఇంకోసారి పెట్టమను, చక్కెర తగ్గించమని చెప్పు.